పొటాషియం 4.2: ఐసీయూలో ఒక మరణం, మా శిక్షణలో ఒక లోపం

ఈ కేసును మా విభాగం మరణాల సమీక్షలో 20 నిమిషాల పాటు చర్చించాం. ఏ యాంటీబయాటిక్ ఎప్పుడు మొదలైంది, వెంటిలేటర్ అమరికలు సరిగ్గా ఉన్నాయా, రెండో ఇన్ఫెక్షన్‌ను ఒక రోజు ముందుగా పసిగట్టగలిగేవాళ్లమా అన్న ప్రశ్నలన్నింటికీ సమాధానాలు దొరికాయి. చికిత్సలో చెప్పుకోదగ్గ లోపం లేదని రాసి ఫైలు మూసేశాం. ఆ ముగింపు తొందరపాటుదని ఇప్పుడు నా అభిప్రాయం. మేం కుటుంబంతో మాట్లాడిన తీరులో లోపం ఉంది. దాని మూలం ఒక జూనియర్ వైద్యురాలికి నేను పని నేర్పిన తీరులో ఉంది. రోగిని ఎవరూ గుర్తుపట్టకుండా కొన్ని వ్యక్తిగత వివరాలు మార్చాను.

రోగి 63 ఏళ్ల మహిళ. 14 ఏళ్లుగా రుమటాయిడ్ ఆర్థరైటిస్‌తో బాధపడుతూ, వారానికోసారి 15 మిల్లీగ్రాముల మెథోట్రెక్సేట్, రోజూ 7.5 మిల్లీగ్రాముల ప్రెడ్నిసొలోన్ వాడుతున్నారు. ఈ రెండూ కీళ్ల వాపును అణచే క్రమంలో రోగనిరోధక శక్తినీ తగ్గిస్తాయి. మూడు రోజుల జ్వరం, దగ్గు, ఆయాసం తర్వాత మా దగ్గరికి వచ్చేసరికి నాడి నిమిషానికి 128, రక్తపోటు 78/44, శ్వాస నిమిషానికి 38, బయటి ఆక్సిజన్ లేకుండా రక్తంలో ఆక్సిజన్ సంతృప్తత 82 శాతం, లాక్టేట్ (కణాలకు ఆక్సిజన్ చాలనప్పుడు రక్తంలో పెరిగే ఆమ్లం) 5.2. ఎక్స్‌రేలో కుడి ఊపిరితిత్తి కింది భాగమంతా తెల్లగా ఉంది, అంటే న్యుమోనియా. ఇన్ఫెక్షన్‌కు శరీరం అదుపు తప్పి స్పందించి తన అవయవాలనే దెబ్బతీసుకోవడాన్ని సెప్సిస్ అంటాం. ద్రవాలు చాలినంత ఎక్కించాక కూడా సగటు రక్తపోటును 65 దగ్గర నిలపడానికి మందు అవసరమై, లాక్టేట్ 2 దాటి ఉంటే 2016 నాటి నిర్వచనం ప్రకారం అది సెప్టిక్ షాక్. ఆమె మొదటి మూడు గంటల్లోనే ఆ గీత దాటారు.

ఏ బ్యాక్టీరియానో తేల్చే కల్చర్ పరీక్షకు రక్తం తీసి, 40 నిమిషాల్లో యాంటీబయాటిక్స్ మొదలుపెట్టాం. కిలోకు 30 మిల్లీలీటర్ల లెక్కన రెండు లీటర్ల ద్రవం ఎక్కించి, మెడలోని పెద్ద సిరలోకి సన్నని గొట్టం (సెంట్రల్ లైన్) వేసి, రక్తపోటు పెంచే నోరడ్రినలిన్ మందు ప్రారంభించాం. ఏళ్ల తరబడి స్టెరాయిడ్ వాడిన శరీరం ఒత్తిడి సమయంలో సొంతంగా తగినంత కార్టిజాల్ తయారు చేసుకోలేదు కాబట్టి రోజుకు 200 మిల్లీగ్రాముల హైడ్రోకార్టిజోన్ కూడా ఇచ్చాం. ఆయాసంతో అలసిపోతున్నారని రెండో గంటలో శ్వాసనాళంలోకి గొట్టం వేసి (ఇంట్యుబేట్ చేసి) వెంటిలేటర్ మీద పెట్టాం.

ఆ సెంట్రల్ లైన్ వేసింది ఐసీయూ శిక్షణలో రెండో నెలలో ఉన్న జూనియర్ వైద్యురాలు. అది ఆమె చేతుల మీదుగా వెళ్లిన ఆరో లైన్. మొదటి అయిదింటికీ నేను ఆమె భుజం పక్కనే నిలబడ్డాను. అల్ట్రాసౌండ్ తెర మీద సూది కొన ఎక్కడుందో చూపించాను, చేయి వణికినప్పుడు ఆపించాను, రెండో ప్రయత్నం విఫలమైతే సూది నేనే అందుకున్నాను. ఆరోదానికీ గదిలోనే ఉన్నాను. తర్వాత చెప్పబోయే విషయానికి ఈ లెక్క అవసరం.

వెంటిలేటర్ పెట్టిన తొలి నిమిషాల్లో ఆమె ఒక పొరపాటు చేసింది. రోగి బరువు 68 కిలోలు కాబట్టి కిలోకు 6 చొప్పున ఒక్కో శ్వాసకు దాదాపు 400 మిల్లీలీటర్లు అమర్చింది. మనిషి లావెక్కితే ఊపిరితిత్తులు పెద్దవి కావు, వాటి పరిమాణం ఎత్తును బట్టి ఉంటుంది. రోగి ఎత్తు 150 సెంటీమీటర్లు. ఆ ఎత్తు ఉన్న మహిళకు సూత్రం ప్రకారం వచ్చే బరువు సుమారు 43 కిలోలు, శ్వాస పరిమాణం 260 మిల్లీలీటర్లు. ఈ తేడాతో ప్రాణాలు పోతాయి. 2000లో 861 మంది మీద జరిగిన పరిశోధనలో కిలోకు 12 మిల్లీలీటర్లు ఇచ్చినవారిలో 39.8 శాతం, 6 మిల్లీలీటర్లు ఇచ్చినవారిలో 31 శాతం మంది చనిపోయారు. నేను పక్కనే ఉన్నాను కనుక ఆ అంకె అయిదు నిమిషాల్లో మారింది. కారణం అక్కడికక్కడే చెప్పాను, ఆ పొరపాటు ఆమె మళ్లీ చేయలేదు.

మొదటి నాలుగు రోజులు మాకు అనుకూలంగానే గడిచాయి. కల్చర్‌లో న్యుమోనియా తెచ్చే న్యూమోకాకస్ బ్యాక్టీరియా పెరిగింది, మేం ఇస్తున్న మందుకు లొంగే రకమే. ధమని రక్తంలోని ఆక్సిజన్ పీడనాన్ని, మనం ఇస్తున్న ఆక్సిజన్ వంతుతో భాగిస్తే వచ్చే నిష్పత్తి మొదట 84 ఉంది. 100 లేదా అంతకంటే తక్కువైతే అది తీవ్రమైన ఏఆర్‌డీఎస్, అంటే ఊపిరితిత్తులు వాచి రక్తానికి ఆక్సిజన్ అందించలేని స్థితి. ఆమెను బోర్లా పడుకోబెట్టి రోజుకు 16 గంటలు ఉంచాం. 2013లో వెలువడిన ఫ్రెంచ్ పరిశోధనలో ఇలా చేసినవారిలో 28 రోజుల్లోపు మరణాలు 32.8 శాతం నుంచి 16 శాతానికి తగ్గాయి. మూడు విడతల తర్వాత మా రోగి నిష్పత్తి 160కి చేరింది, నోరడ్రినలిన్ సగానికి తగ్గింది, లాక్టేట్ 2.4కి దిగింది.

అయిదో రోజు మూత్రం ఆగిపోయింది. రక్తపోటు బలహీనంగా ఉన్నవారికి వాడే నెమ్మది డయాలిసిస్ మొదలుపెట్టాం. ఏడో రోజు మళ్లీ జ్వరం వచ్చింది, గొట్టంలోంచి చిక్కటి కఫం వచ్చింది, ఎడమ ఊపిరితిత్తిలో కొత్త మచ్చలు కనిపించాయి. వెంటిలేటర్ కారణంగా వచ్చిన న్యుమోనియా అది. పెరిగిన బ్యాక్టీరియా చాలా మందులకు లొంగనిది. ఎనిమిదో రోజుకు నోరడ్రినలిన్ మొదటి రోజు కంటే ఎక్కువైంది, దానికి రక్తపోటు పెంచే ఇంకో మందు వాసోప్రెసిన్ తోడైంది, ఆక్సిజన్ నిష్పత్తి 90కి పడింది, రక్తం గడ్డకట్టడానికి కావలసిన ప్లేట్‌లెట్లు 42 వేలకు తగ్గాయి, కాలేయం దెబ్బతింటే పెరిగే బిలిరుబిన్ 3.1కి చేరింది. మళ్లీ బోర్లా తిప్పాం. ఈసారి ఊపిరితిత్తులు స్పందించలేదు. అవయవాల వైఫల్యాన్ని కొలిచే సోఫా స్కోరు గరిష్ఠంగా 24. మత్తు మందుల్లో ఉన్న మెదడును వదిలేసి మిగతావి లెక్కిస్తేనే 17 వచ్చింది.

ఎనిమిదో రోజు సాయంత్రానికి ఆమె బతకరని నాకు తెలుసు. ఒక్క అంకెను బట్టి వచ్చిన నమ్మకం కాదది. సంక్లిష్టమైన రెండో ఇన్ఫెక్షన్, కూలిపోతున్న నాలుగు అవయవాలు, పెంచినకొద్దీ ఫలితం తగ్గుతున్న మందులు, ముందే దెబ్బతిన్న రోగనిరోధక శక్తి అన్నీ ఒకే దిక్కు చూపుతున్నాయి. రౌండ్స్‌లో అందరి ముందూ "పరిస్థితి బాగాలేదు" అన్నాను. మాతో ఉన్న సీనియర్ నర్సుకు ఆ మాట అర్థమైంది. జూనియర్ వైద్యురాలికి అర్థమైందో లేదో నేను కనుక్కోలేదు.

తొమ్మిదో రోజు సాయంత్రం కుటుంబానికి రోజువారీ సమాచారం చెప్పమని ఆమెను ఒంటరిగా పంపాను. నేను ఇంకో రోగి దగ్గర ఉన్నాను. ఆమె నేను నేర్పినట్టే చెప్పింది. మా కేస్ షీట్ అవయవాల వారీగా ఉంటుంది: ఊపిరితిత్తులు, గుండె, కిడ్నీలు, కాలేయం, రక్తం, ఇన్ఫెక్షన్. రౌండ్స్‌లో అదే వరుసలో అప్పజెప్పడం నేర్పుతాం, ఒక్క అవయవం మరిచిపోయినా అడుగుతాం. ఆ వరుసలో కిడ్నీల దగ్గరకు వచ్చాక ఆమె, "పొటాషియం పొద్దున 6.1 ఉంది, ఇప్పుడు 4.2కి వచ్చింది, నార్మల్ అయింది" అని చెప్పింది. మాట నిజమే. కిడ్నీలు ఆగితే రక్తంలో ప్రమాదకరంగా పేరుకునే పొటాషియాన్ని తగ్గించింది డయాలిసిస్ యంత్రం, కిడ్నీలు అప్పటికి నాలుగు రోజులుగా చుక్క మూత్రం ఇవ్వడం లేదు. అయితే వింటున్నవారి చెవికి చేరింది "నార్మల్" అన్న మాట ఒక్కటే. రాత్రిళ్లు బయట కుర్చీల్లోనే కూర్చుంటున్న భర్త, కూతురు ఆ రాత్రి ఇంటికి వెళ్లి పడుకున్నారు.

పదో రోజు ఉదయం నేను కుటుంబాన్ని చిన్న గదిలో కూర్చోబెట్టాను. భర్త, కూతురు, ఫోనులో దూరాన ఉన్న కొడుకు. మా వైపు నుంచి నేను, సీనియర్ నర్సు, జూనియర్ వైద్యురాలు. ముందు వాళ్లకు ఏం తెలుసో వినాలన్న నియమం ప్రకారం, ఇప్పటివరకు జరిగినది మీకు అర్థమైనట్టు చెప్పమని అడిగాను. కూతురు సంచిలోంచి నోటు పుస్తకం తీసింది. పది రోజుల అంకెలన్నీ అందులో తేదీల వారీగా ఉన్నాయి: ఆక్సిజన్ శాతం, క్రియాటినిన్, ప్లేట్‌లెట్లు, పొటాషియం. 4.2 చుట్టూ ఎర్ర ఇంకుతో సున్నా చుట్టి ఉంది.

"మీరు చెప్పినవన్నీ రాసుకున్నాను డాక్టర్ గారూ. నిన్న సాయంత్రమే నార్మల్‌కు వచ్చిందన్నారు కదా. ఇవాళ ఇలా అందరినీ పిలిచి కూర్చోబెట్టారెందుకు?" అంది.

ఆ ప్రశ్నకు ముందు నేను సిద్ధం చేసుకున్న వాక్యాలేవీ పనికిరాలేదు. జూనియర్ వైద్యురాలు తల దించుకుంది. కాసేపు ఆగి, ఆ అంకెను యంత్రం తగ్గించిందని, కిడ్నీలు పని చేయడం లేదని, నిన్న మేం విడివిడిగా భాగాల గురించి చెప్పామే తప్ప మీ అమ్మగారి గురించి చెప్పలేదని, ఆ తప్పు మాదేనని అన్నాను. తర్వాత, "అమ్మా, మీ అమ్మగారు చనిపోతున్నారు" అన్నాను.

ఆ గదిలో ఎవరూ మాట్లాడని సమయం నిమిషం పైనే ఉంటుంది. దాన్ని నింపకుండా ఉండటం ఎంత కష్టమో ఈ పనిలో ఉన్నవారికి తెలుసు. ఒక గణాంకం చెప్పాలనిపిస్తుంది, ఒక కొత్త మందు పేరు ఎత్తాలనిపిస్తుంది. 2004లో సియాటెల్ నగరంలోని ఐసీయూల్లో కుటుంబ సమావేశాలను రికార్డు చేసి చూస్తే, సమయంలో 71 శాతం వైద్య సిబ్బందే మాట్లాడారని తేలింది. కుటుంబానికి ఎక్కువ సమయం దక్కినచోట వారి సంతృప్తి ఎక్కువగా ఉంది. నర్సు నా మోచేతిని మెల్లగా తాకి ఆపకపోతే ఆ రోజు నేనూ ఆ 71 శాతంలోకే వెళ్లేవాణ్ణి.

మౌనాన్ని భర్త ముగించారు. "తన పని తను చేసుకోలేని రోజు వస్తే నన్ను పట్టి ఉంచొద్దు అనేది. కానీ మాటవరసకు అన్నదే, దానికి ఇప్పుడు విలువ ఉంటుందా?" అని అడిగారు. ఉంటుందని చెప్పాను. ఈ నిర్ణయం బరువు మీ మీద వేయడం లేదని, వైద్యపరంగా కొత్త చికిత్సలు చేర్చడం వల్ల ఆమెకు మేలు జరగదని మేమే తేల్చామని, మీ మాట మా నిర్ణయం ఆమె ఇష్టానికి దగ్గరగా ఉందని చెబుతోందని వివరించాను. డయాలిసిస్ మళ్లీ చేయకూడదని, రక్తపోటు మందులు ఇక పెంచకూడదని, గుండె ఆగితే సీపీఆర్ చేయకూడదని, నొప్పికీ ఆయాసానికీ మందులు మాత్రం అవసరమైనంత ఇవ్వాలని నిర్ణయమైంది. రెండో నిపుణుడి అభిప్రాయాన్ని రాతపూర్వకంగా తీసుకుని కేస్ షీట్‌లో పెట్టాం.

బయటికొచ్చాక జూనియర్ వైద్యురాలు రెండు మాటలు అంది. మొదటిది: "సార్, నేను వాళ్లకు అబద్ధం చెప్పానా?" రెండోది: "ఇన్ని సమావేశాల్లో కూర్చున్నాను గానీ ఎవరి నోటా 'చనిపోతున్నారు' అన్న మాట నేను వినలేదు."

రెండో మాట దగ్గర కొంచెం ఆగాలి. చనిపోయినవారి గురించి చెప్పడానికి మన భాషలో మర్యాద గల మాటలు చాలా ఉన్నాయి: పోయారు, కాలం చేశారు, కన్నుమూశారు, ఇక లేరు. చనిపోతున్నవారి గురించి చెప్పడానికి ఐసీయూలో మేం వాడేవి "సీరియస్", "క్రిటికల్", "ఏమీ చెప్పలేం", "మా ప్రయత్నం మేం చేస్తున్నాం". ఇదే రోగి విషయంలో "సీరియస్" అన్న మాట మొదటి రోజూ చెప్పాం, పదో రోజూ చెప్పబోయాం. మొదటి రోజు ఆమెకు బతికే అవకాశం నిజంగా ఉంది, పదో రోజు లేదు. రెండు వేర్వేరు స్థితులకు ఒకటే మాట వాడినప్పుడు వినేవారు తేడాను ఎక్కడ వెతుక్కోవాలి? అంకెల్లో వెతుక్కున్నారు. మేం మాటల్లో చెప్పనిదాన్ని ఆ అమ్మాయి నోటు పుస్తకంలో లెక్కగట్టడానికి పది రోజులు ప్రయత్నించింది. "ఇక మేం చేయగలిగింది ఏమీ లేదు" అన్న వాక్యాన్ని కూడా నేను వాడను. అది నిజం కాదు, చివరి రోజున కూడా చేయవలసిన పని చాలా ఉంటుంది.

మొదటి ప్రశ్నకు నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. సాయంత్రం పిలిచి, నువ్వు అబద్ధం చెప్పలేదు, నేను నేర్పిన వరుసలో నిజాలు చెప్పావు, ఆ వరుస రోగి కోసం కాక అవయవాల కోసం తయారైనది అన్నాను. సెంట్రల్ లైన్‌కు ఆరుసార్లూ దగ్గరే ఉన్న నేను, ఒక కుటుంబానికి మరణవార్త దగ్గరపడుతున్న రోజున ఆమె పక్కన ఒక్కసారి కూడా లేను. ఆమె లాగ్‌బుక్‌లో ఇంట్యుబేషన్లకు, లైన్లకు, గుండె స్కాన్లకు గడులున్నాయి. కుటుంబంతో మాట్లాడటానికి గడి లేదు. అది మంచి మనసుంటే దానంతటదే వస్తుందన్న భావన మా తరం వైద్యుల్లో బలంగా ఉంది. నాకూ ఎవరూ నేర్పలేదు. నా శిక్షణ రోజుల్లో మొదటి మరణం తర్వాత నాకు దొరికిన సూచన, ధ్రువపత్రం ఎలా నింపాలన్నది మాత్రమే.

ఐసీయూ వైద్యం ఆరంభాన్ని తలచుకుంటే ఇది మరింత బాధిస్తుంది. 1952లో కోపెన్‌హేగన్‌లో పోలియో ప్రబలినప్పుడు, మొదటి వారాల్లో శ్వాస యంత్రాల్లో పెట్టిన 31 మందిలో 27 మంది చనిపోయారు. మత్తు వైద్యుడు బియోర్న్ ఇబ్సెన్ గొంతులో రంధ్రం చేసి గొట్టం ద్వారా చేత్తో సంచి నొక్కుతూ గాలి పంపే పద్ధతిని సూచించాక పరిస్థితి మారింది. ఆ సంచులు నొక్కడానికి సుమారు 1,500 మంది విద్యార్థులు వంతులవారీగా పగలూ రాత్రీ కూర్చున్నారు. మరుసటి ఏడాది ఇబ్సెన్ నెలకొల్పిన విభాగమే ఆధునిక ఐసీయూలకు నాంది. ఇంకా చదువుకుంటున్నవారు ఒక్కొక్క రోగి తల దగ్గర గంటల తరబడి కూర్చుని, తమ చేతి కిందే కొందరు చనిపోవడాన్ని చూసిన చోట పుట్టిన వైద్యం ఇది. శిక్షణ, మరణం ఇందులో మొదటి రోజు నుంచీ పక్కపక్కనే ఉన్నాయి.

పదో రోజు రాత్రి జూనియర్ వైద్యురాలు తన డ్యూటీ కాకపోయినా ఉండిపోయింది. మంచం దగ్గరి మానిటర్ తెరను ఆపి, అంకెలు నర్సుల బల్ల దగ్గర మాత్రమే కనిపించేలా చేశాం. అలారాలు ఆపాం. నొప్పి తగ్గించే ఫెంటనిల్ కొనసాగించాం. కూతురు చేయి పట్టుకోవడానికి వీలుగా వేలికున్న ఆక్సిజన్ క్లిప్పు తీసేశాం. వెంటిలేటర్ మీద ఉన్నవారి విషయంలో కుటుంబానికి ముందే చెప్పవలసిన సంగతి ఒకటుంది: గుండె ఆగాక కూడా యంత్రం గాలి పంపుతూనే ఉంటుంది కాబట్టి ఛాతీ కదులుతూ కనిపిస్తుంది. చెప్పకపోతే ఆ కదలిక వాళ్ల మనసులో ఏళ్ల తరబడి ప్రశ్నగా మిగులుతుంది. ఈసారి ఆ సంగతి జూనియర్ వైద్యురాలే చెప్పింది, నేను ఆమె పక్కన నిలబడ్డాను. పదకొండో రోజు తెల్లవారుజామున 4:20కి రోగి చనిపోయారు. "మీ అమ్మగారు చనిపోయారమ్మా" అని జూనియర్ వైద్యురాలు ఆ మాటతోనే చెప్పి, తర్వాత వెంటిలేటర్ ఆపింది.

ఆ తర్వాత నేను చేసింది ఇంకో తప్పు. 40 నిమిషాల్లో అదే మంచానికి కొత్త రోగి వస్తున్నారని ఫోను వస్తే, "త్వరగా కాగితాలు పూర్తి చెయ్యి" అన్నాను. ఆమె పూర్తి చేసింది. కొత్త రోగికి లైన్ వేయబోయి చేయి నిలవక పక్కకు జరిగింది.

ఇప్పుడు మా ఐసీయూలో మరణం తర్వాత మంచం చుట్టూ ఉన్నవారందరం ఒక నిమిషం నిశ్శబ్దంగా నిలబడతాం. వర్జీనియా విశ్వవిద్యాలయ ఆసుపత్రిలో జొనాథన్ బార్టెల్స్ అనే నర్సు మొదలుపెట్టిన అలవాటు ఇది. నిమిషంతో దుఃఖం తీరదు. కానీ తర్వాతి రోగి దగ్గరికి వెళ్లే చేతులకు ఆ నిమిషం అవసరమని ఆ తెల్లవారుజామున చూశాను. కుటుంబ సమావేశాలకు లాగ్‌బుక్‌లో గడి పెట్టాం: మొదట చూడాలి, తర్వాత నేను పక్కన ఉండగా మాట్లాడాలి, ఆ తర్వాతే ఒంటరిగా. రోజువారీ సమాచారంలో మొదటి వాక్యం మనిషి మొత్తం గురించి ఉండాలి, అవయవాలు వాళ్లు అడిగితేనే. 2007లో ఫ్రాన్స్‌లోని 22 ఐసీయూల్లో జరిగిన పరిశోధనలో, వినడానికి ప్రాధాన్యం ఇచ్చే సమావేశ పద్ధతి పాటించి, కుటుంబానికి చిన్న పుస్తకం ఇచ్చినచోట 90 రోజుల తర్వాత ఆఘాతానంతర ఒత్తిడి లక్షణాలు 69 శాతం నుంచి 45 శాతానికి తగ్గాయి. అక్కడ బంధువులు మాట్లాడిన సమయం 5 నిమిషాల నుంచి 14కు పెరిగింది. తొమ్మిది నిమిషాల తేడా అది. ఒక సెంట్రల్ లైన్ వేయడానికి మేం అంతకంటే ఎక్కువ సమయం తీసుకుంటాం.

ఆరు వారాల తర్వాత కూతురు మమ్మల్ని కలవడానికి వచ్చింది. చికిత్స గురించి ఏమీ అడగలేదు. నోటు పుస్తకం ఒళ్లో పెట్టుకుని, "తొమ్మిదో రోజు రాత్రి మేం ఇంటికి వెళ్లిపోయాం. ఆ రాత్రి అమ్మ మెలకువగా ఉందా? మా కోసం చూసిందా?" అని అడిగింది.

నేను నోరు తెరిచేలోపే జూనియర్ వైద్యురాలు జవాబు చెప్పింది. "లేదండి. గాఢమైన మత్తులో ఉన్నారు, కళ్లు తెరవలేదు. ఆ రాత్రి డ్యూటీలో నేనే ఉన్నాను. రెండింటికి నర్సుతో కలిసి ఆవిడను పక్కకు తిప్పాం, నోరు తడి చేశాం, కళ్లు ఎండిపోకుండా మందు వేశాం. మళ్లీ నాలుగింటికి కూడా." కూతురు నోటు పుస్తకం తెరిచి, 4.2 ఉన్న పేజీలో కింద మిగిలిన ఖాళీలో ఆ రెండు సమయాలూ రాసుకుంది.